రెండోసారి అడగని కెప్టెన్

మా తాతయ్య ఓయ్వ హార్తికైనెన్ సైన్యంలో కార్పొరల్. అంటే మామూలు సిపాయి కంటే ఒక మెట్టు పైన, మిగతా అందరికంటే చాలా మెట్లు కింద. అయినా మా ఊళ్లోనూ, సరస్సు అవతలి ఊళ్లలోనూ, ఆఫీసరు కావడం ఎలాగన్న విషయంలో ఆఖరి మాట ఆయనదే. ఈత రానివాడు ఒడ్డున కూర్చుని అందరికీ ఈత నేర్పుతున్నాడని మీరు అనుకోవచ్చు. మేమూ అలాగే అనుకుంటాం. పైకి మాత్రం అనం. ఎందుకంటే ఆ వంటింట్లో యాలకుల బన్నులు చాలా బాగుంటాయి.

ఫిన్లాండులో ప్రతి కుర్రాడూ చదువైపోగానే ఎలాగూ బ్యారక్సుకు వెళ్లాల్సిందే. వెళ్లేముందు మా ఊరి కుర్రాళ్లు తాతయ్య దగ్గరికి వస్తారు. వస్తారనడం కంటే వాళ్ల అమ్మలు పంపిస్తారనడం నిజం. తాతయ్య బల్లమీది మైనపు గుడ్డ మీద చక్కెర బిళ్లలు పేరుస్తాడు.

"ఇది హామినా. రిజర్వు ఆఫీసర్ల బడి. ఇందులో చదివితే ఊరికి తిరిగొచ్చి నీ పని నువ్వు చేసుకోవచ్చు, యుద్ధమొస్తే మాత్రం ఆఫీసరువి. ఇదుగో, ఇది సార్జెంట్ల కోర్సు. పదిమందిని నడపడం నేర్పుతారు. అటుపక్కది క్యాడెట్ స్కూలు. అది బతుకంతా యూనిఫారంలో ఉండేవాళ్లకి. హామినా నుంచీ దానికి పోవచ్చు, సార్జెంటుగా ఉండీ పోవచ్చు. అర్థమైందా?"

కుర్రాడు తలూపుతాడు. తాతయ్య హామినాని కాఫీలో ముంచి నోట్లో వేసుకుంటాడు. పాఠం అయిపోయినట్టు.

నేనూ ఆ పాఠం విన్నవాణ్నే. వెల్డింగు బడి సగంలో వదిలేసి కలప మిల్లులో చేరిన నాకు కూడా, అంటే జల్మరి అనే ఈ మనవడికి కూడా, ఆయన హామినాయే చూపించాడు. సైన్యం ఆయనంత ఆశావాది కాదు. అక్కడ మనతో ఒకే గదిలో పడుకునేవాళ్లే మనకు మార్కులు వేస్తారు, వీడు నడిపిస్తే నువ్వు నడుస్తావా అని. నా వెనక నడుస్తామని రాసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. వాళ్లు కూడా నేను క్యాంటీనుకి వెళ్తున్నాననుకుని రాశారు. అందరికంటే తక్కువ రోజులు చేసి, అందరికంటే ముందు ఇంటికొచ్చాను. నన్ను ఆఫీసరు అవుతావా అని ఎవరూ అడగలేదు. మా దేశ రక్షణ మంచి చేతుల్లోనే ఉందని నాకప్పుడే నమ్మకం కుదిరింది.

తాతయ్యను మాత్రం అడిగారు. అక్కడే వచ్చింది చిక్కు.

ఆయన చెప్పే కథ ఇలా ఉంటుంది. ఆయన కాలంలో వాళ్ల కంపెనీ కమాండరు ఎక్‌బ్లమ్ అనే కెప్టెన్. పడమటి తీరం మనిషి. "వాడికి మన సావో ప్రాంతం వాళ్లంటే గిట్టదు. దేవదారు కర్రలాగా ఉండేవాడు. నా పేరు హామినాకి రాసి ఉండీ, చివర్లో కొట్టేశాడు." ఇంతే కథ. ప్రతి క్రిస్మస్‌కీ ఎక్‌బ్లమ్ ఇంకొంచెం పొడుగవుతాడు, ఇంకొంచెం దుర్మార్గుడవుతాడు. నాకు ఊహ తెలిసేసరికి మామూలు కెప్టెను. ఇప్పుడైతే తలుపులో పట్టడు.

ఆ తర్వాత తాతయ్య రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు, రిటైరయ్యేదాకా. చాలా బాగా నడిపాడని ఊరంతా అంటుంది. తెల్లారకముందే లేచి, బడి బస్సు వెళ్లే దారి ముందు, పాల లారీ దారి తర్వాత, చర్చి దారి చివర. ఏ దారి ఎప్పుడు తెరవాలో ఆయనే నిర్ణయించేవాడు. మంచు ఎదురు చెప్పదు కాబట్టి ఆయనకు సరిపోయింది. ఆజ్ఞాపించడం ఆయనకి చాలా ఇష్టం, కావాలని అడగడం మాత్రం చేతకాదు. ఆ రెండూ ఒక మనిషిలో ఎలా ఇమిడాయో తెలియాలంటే ఆయన్ని కాఫీ బల్ల దగ్గర చూడాలి.

మా వైపు కాఫీకి పిలవగానే లేచేవాడు మనిషి కాదు. "రండి, కాఫీ తాగండి" అంటే "అయ్యో, ఇప్పుడే తాగొచ్చాం" అనాలి. ఇంకోసారి పిలిస్తే "మీకెందుకు శ్రమ" అనాలి. ఇంకోసారి పిలిస్తే గోడవైపు చూసి నిట్టూర్చి, పక్కవాణ్ని ముందు వెళ్లమని తోయాలి. అప్పుడు పక్కవాడు మనల్ని తోస్తాడు. ఈ మొహమాటం మాకు తల్లిపాలతో వస్తుంది. అసలు ఆ పాలు కూడా మేము రెండోసారి పిలిస్తేనే తాగి ఉంటాం. పక్కింటి అర్మాస్ వాళ్ల అన్న అంత్యక్రియల తర్వాత, చర్చి హాల్లో కాఫీ చల్లారిపోయేదాకా ఎవరూ లేవలేదు. పాస్టరమ్మ బతిమాలింది. చివరికి తాతయ్య, అర్మాస్ ఒకరి మోచేతులు ఒకరు పట్టుకుని, ఎవరు ముందో తేలక, ఇద్దరూ ఒక్కసారే గుమ్మంలో ఇరుక్కున్నారు. అంత దుఃఖంలోనూ విధవరాలు నవ్వింది. అదొక్కటే ఆ రోజు ఆయన చేసిన మేలు.

ఇలాంటి ఇంట్లో మా చెల్లెలు సైమి పుట్టింది. ఆడపిల్లలకి సైన్యం తప్పనిసరి కాదు. ఇష్టమైనవాళ్లే వెళ్తారు. సైమికి ఇష్టం. చిన్నప్పుడు నా బొమ్మ లారీలన్నిటినీ వరసలో నిలబెట్టి, వాటికి సెలవులు కూడా మంజూరు చేసేది. క్యాడెట్ స్కూల్లో చేరాలని, బతుకంతా అదే పని చేయాలని దాని కోరిక. ఆ మాట నాకు చెప్పింది, అమ్మకి చెప్పింది, తాతయ్యకి మాత్రం చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. అది జనవరిలో బ్యారక్సుకి బయల్దేరిన రోజు ఆయన కొత్త చక్కెర డబ్బా కొన్నాడు.

ఏప్రిల్లో శని, ఆదివారాలు సెలవు మీద వచ్చింది. అప్పటికి నాయకుల కోర్సులో సగం అయింది. ఆ సగం దగ్గర దారి చీలుతుంది. కొందరిని హామినాకి పంపుతారు, మిగిలినవాళ్లు అక్కడే సార్జెంట్ల కోర్సు పూర్తి చేస్తారు. సోమవారం పొద్దున కంపెనీ కమాండరు ఒక్కొక్కర్నీ పిలిచి మాట్లాడుతుంది. కమాండరు ఆడమనిషే, హెల్సింకి నుంచి వచ్చిన కెప్టెను. తోటివాళ్ల మార్కుల్లో సైమి పైనే ఉంది. ఇక మిగిలింది ఆ గదిలో ఏం మాట్లాడాలన్నదే.

తాతయ్య చక్కెర బిళ్లలు పేర్చాడు.

"తాతా, అవన్నీ నాకు తెలుసు," అంది సైమి. "సోమవారం ఆవిడ 'హామినాకి వెళ్తావా' అని అడుగుతుంది. నేను 'వెళ్తాను' అంటాను. అంతే కదా?"

తాతయ్య చేతిలోని క్యాడెట్ స్కూలు బల్లమీద పడిపోయింది.

"అలా అంటావా? అడగ్గానే?"

"మరి?"

"బన్ను కోసం ఎగబడే కుక్కలాగా? చూడమ్మా, ఆఫీసరంటే నిదానం ఉండాలి. మొదట 'నాకంటే మంచివాళ్లు ఉన్నారు కదండీ' అనాలి. అప్పుడావిడ నీ ముఖం చూస్తుంది, ఈ పిల్లకి గర్వం లేదనుకుంటుంది. మళ్లీ అడుగుతుంది. అప్పుడు 'మీరు అంతగా అంటే' అనాలి."

"అడక్కపోతే?" అన్నాను నేను.

"నువ్వు నోరు మూసుకోరా. క్యాంటీను సేనాపతీ!"

అమ్మమ్మ హిల్క అప్పటిదాకా పొయ్యి దగ్గర వీపు మాకు పెట్టి నిలబడి ఉంది. గరిటె కింద పెట్టింది. మా అమ్మమ్మ గరిటె కింద పెట్టిందంటే మనం కాళ్లు పైకి తీసి కూర్చోవడం మంచిది.

"ఏమండోయ్, పిల్లకి ఆ ఎక్‌బ్లమ్ సంగతి చెప్పండి."

"వాళ్లకి తెలుసులే."

"మీరు చెప్పేది కాదు. జరిగింది."

తాతయ్య కిటికీలోంచి సరస్సు వైపు చూశాడు. మంచు మీద నీళ్లు నిలిచి నల్లగా ఉంది. అక్కడ ఆయనకి సాయం చేసేవాళ్లెవరూ కనిపించినట్టు లేదు.

"అయితే నేనే చెప్తాను," అంది అమ్మమ్మ. "ఆ కెప్టెను పాపం బంగారంలాంటి మనిషి. ఈయన్ని పిలిచి, 'హార్తికైనెన్, హామినాకి వెళ్తావా, నీ పేరే మొదట రాశాను' అన్నాడు. ఈయనగారు 'నాకంటే మంచివాళ్లు ఉన్నారులెండి' అన్నారు. ఆయన తీరప్రాంతం మనిషి. అక్కడ కాఫీ వద్దంటే కుండ ఎత్తి లోపల పెట్టేస్తారు. 'అలాగా, సరే' అని పేరు కొట్టేశాడు. ఈయన బయట మెట్ల దగ్గర నిలబడ్డాడు, మళ్లీ పిలుస్తాడని. ఇంకా నిలబడే ఉన్నాడు."

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. సైమి బల్లకింద నా కాలు తొక్కింది. బ్యారక్సు బూటుతో.

"పెళ్లికీ ఇదే వేషం," అంది అమ్మమ్మ, మొదలుపెట్టింది కాబట్టి ఆపలేక. "నన్ను చేసుకుంటావా అని నోరు తెరిచి నేనే అడిగితే, 'నీకు ఇంకా మంచివాడు దొరుకుతాడులే' అన్నాడు. నేను మన వైపు దాన్ని కాబట్టి ఇంకోసారి అడిగాను. ఆ తర్వాత ఇంకోసారి. తీరం పిల్లయితే అప్పుడే పడవెక్కి వెళ్లిపోయేది. మీరెవరూ ఉండేవాళ్లు కాదు."

"సౌనా వేడి చేయాలి," అన్నాడు తాతయ్య. లేచి వెళ్లిపోయాడు.

మా సౌనా, అదే మా ఆవిరిస్నానాల గది, ఆ రోజంత వేడిగా ఎప్పుడూ లేదు. లోపల ఆయన పక్కన కూర్చుని, ఎక్‌బ్లమ్ నిజంగా ఎంత పొడుగు తాతా అని అడిగాను. రాళ్ల మీద నీళ్లు పోశాడు. ఆ ఆవిరికి నేనే తలుపు తీసుకుని బయటికి పరిగెత్తాను. అదీ జవాబే.

ఆదివారం సాయంత్రం సైమిని బస్సెక్కించాను. "తెల్లారాక ఏమంటావు?" అని అడిగితే, "వెళ్తాను అంటాను, ఇంకేమంటాను," అంది. బస్సు మలుపు తిరిగేదాకా పెదవులు కదుపుతూనే ఉంది. ఆ ఒక్క మాటే సాధన చేస్తున్నట్టుంది.

సోమవారం నాకు మిల్లులో మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున తాతయ్య ఇంట్లో బన్ను తింటూ ఉండగా నా ఫోను మోగింది. సైమి.

"అన్నయ్యా, పని పాడైంది."

"ఏమైంది?"

"ఆవిడ అడిగింది. 'హామినా గురించి ఏమనుకుంటున్నావు' అంది. నేను... నా నోరు దానంతటదే..."

"అనేశావా?"

"'నాకంటే మంచివాళ్లు ఉన్నారేమోనండీ' అనేశాను! రాత్రంతా వెళ్తాను, వెళ్తాను అని అనుకుంటూనే ఉన్నానురా! ఆవిడ 'నిజాయితీగా చెప్పినందుకు సంతోషం' అని చెయ్యి కలిపింది. నేను థాంక్యూ కూడా చెప్పాను. థాంక్యూ చెప్పానురా అన్నయ్యా!"

ఫోను స్పీకరులో పెట్టి ఉందని అప్పటిదాకా నేను చూసుకోలేదు. తాతయ్య చూసుకున్నాడు. ఆయన ముఖం తెల్లగా అయింది. మంచులో ఎవరో కూరుకుపోయారని కబురొస్తే అలా అయ్యేవాడని అమ్మమ్మ చెప్పేది. నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. అడగలేదు, "ఇస్తావా" అనలేదు. లాక్కున్నాడు.

"సైమీ. ఎక్కడున్నావు?"

"తాతా? మెట్ల దగ్గర."

"ఆవిడ గది కనిపిస్తోందా?"

"ఆఁ. ఇంకా ఒకడు బయట ఉన్నాడు. వాడు లోపలికి వెళ్తే..."

"నేనూ అక్కడే నిలబడ్డాను," అన్నాడు తాతయ్య. "మెట్ల దగ్గరే. పిలుస్తాడు, పిలుస్తాడు అనుకుంటూ. భోజనానికి విజిల్ వేసేదాకా నిలబడ్డాను. ఆ తర్వాత వెళ్లి బంగాళాదుంపలు తిన్నాను. ఎవరూ పిలవరే. వినిపిస్తోందా? ఎవ్వరూ పిలవరు. వెళ్లి తలుపు తట్టు."

"తట్టి ఏమనాలి?"

"కావాలి అను."

"అంతేనా?"

"అంతే. ఆ తర్వాత నోరు మూసుకో. 'మీకు ఇబ్బంది లేకపోతే' అని తోక తగిలించకు. 'ఒకవేళ ఖాళీ ఉంటే' అనకు. నవ్వకు. కావాలి అని, నిలబడు."

"సిగ్గేస్తోంది తాతా."

"ఒక్క నిమిషం సిగ్గే. నాది చూడు, ఇంకా పోలేదు. నాకు కావాల్సి ఉండేది, సైమీ. నిజంగా కావాల్సి ఉండేది."

ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని అమ్మమ్మ కూడా అనుకుని ఉండదు. పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరిగింది. చేతిలో గరిటె ఉండిపోయింది. ఫోను కట్ అయింది.

అప్పటి నుంచి తాతయ్య వంటింట్లో పచార్లు చేశాడు. కిటికీ దాకా వెళ్లి, తలుపు దాకా వచ్చి. నేను ఏదో జోకు వేయబోయాను. వేయలేదు. నా జీవితంలో అదొక్కటే నేను దాచుకున్న జోకు, మంచిది కూడా. అమ్మమ్మ ఆయనకి కాఫీ పోసింది. ఆయన చూడనే లేదు. ఫోను మళ్లీ మోగగానే నాకంటే ముందు ఆయనే అందుకున్నాడు.

"ఏమంది?"

"తట్టాను తాతా. కావాలి అన్నాను."

"ఆఁ?"

"ఆవిడ 'పావుగంట కిందటే ఈ మాట అనాల్సింది' అంది. హామినాకి మిగిలిన చివరి చోటు ఆఖరున వెళ్లినవాడికి ఇచ్చేసింది. వాడు ఆవిడ ప్రశ్న పూర్తికాకముందే 'వెళ్తాను' అన్నాడంట. ఏ ఊరివాడో!"

తాతయ్య కుర్చీలో కూర్చున్నాడు. స్పీకరులో ఉన్నా ఫోను మాత్రం చెవి దగ్గరే పట్టుకున్నాడు.

"తర్వాత?"

"రెండు దారులున్నాయంది. హామినాకి వెళ్లేవాళ్లలో ఎవరికైనా కాలో చెయ్యో విరిగితే నన్ను పంపుతుందంట, అప్పటిదాకా ఎదురుచూడాలి. లేదంటే ఇక్కడే సార్జెంట్ల కోర్సు పూర్తి చేసి, పదిమందిని నడిపి చూపించి, సార్జెంటుగానే క్యాడెట్ స్కూలుకి దరఖాస్తు పెట్టుకోవచ్చంట. బాగా చేస్తే తనే నా గురించి రాస్తానంది. ఏది కావాలో ఇప్పుడే చెప్పమంది."

"నువ్వేమన్నావు?"

"ఇక్కడే ఉంటాను అన్నాను. ఇంకొకడి కాలు విరగాలని మెట్ల దగ్గర ఎదురుచూడలేను. పదిమందిని నడుపుతా, శీతాకాలంలో దరఖాస్తు పెడతా అన్నాను."

"ఆలోచించి చెప్తానని అనలేదా?"

"లేదు."

"ఆవిడని ముందు కూర్చోమనలేదా?"

"తాతా!"

తాతయ్య నవ్వాడో దగ్గాడో తెలియలేదు. "అయితే కింద నుంచి ఎక్కు," అన్నాడు. "దూరమే. కానీ దారిలో మనుషులు తెలుస్తారు. నీ పదిమందికి రోజూ కాళ్లు చూడు, తడి సాక్సులతో పడుకోనివ్వకు. దరఖాస్తు మాత్రం అందరికంటే ముందు పెట్టు. అందరికంటే ముందు! వింటున్నావా?" పోతాను, ఉంటాను అనకుండా ఫోను పెట్టేశాడు. మా ఇంట్లో ఫోను పెట్టడానికి మామూలుగా కాఫీ తాగినంతసేపు పడుతుంది.

నేను ఊరుకోవచ్చు కదా. "చూశావా తాతా, నీ పాఠం వల్లే హామినా పోయింది," అన్నాను.

"అవును," అన్నాడు.

అంతే. తిట్టలేదు, క్యాంటీను అనలేదు. ఆయన టోపీ పెట్టుకుని, బూట్లు వేసుకుని, తడి దారిలో అర్మాస్ ఇంటి వైపు నడిచాడు. ఒంటరిగా పంపడం ఇష్టంలేక వెనకే వెళ్లాను. నిజం చెప్పాలంటే, ఏం జరుగుతుందో చూడకుండా ఉండలేక వెళ్లాను.

అర్మాస్ వంటింట్లో రేడియో దగ్గర కూర్చుని ఉన్నాడు. తాతయ్యతో ఆయనది బడినాటి స్నేహం. ఇన్నాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నది వాతావరణం, చేపలు, మోకాళ్ల నొప్పి. తాతయ్య గుమ్మంలో నిలబడి, టోపీ తీయకుండా, కూర్చోమనేదాకా ఆగకుండా, గట్టిగా అన్నాడు:

"మా సైమి ఆఫీసరు కావాలనుకుంటోంది. అడిగింది కూడా. సార్జెంటు అయి, అక్కడి నుంచి క్యాడెట్ స్కూలుకి పోతుంది. అవుతుంది. దానికి ఆ తెలివుంది."

ఎవరైనా ప్యాంటు లేకుండా లోపలికొస్తే కూడా అర్మాస్ అంత ఇబ్బంది పడేవాడు కాదు. చెవులు ఎర్రగా అయ్యాయి. రేడియో శబ్దం కొంచెం పెంచాడు, మళ్లీ తగ్గించాడు. నావైపు చూశాడు, మీ తాతకి ఒంట్లో బాగుందా అన్నట్టు. తర్వాత కిటికీలోంచి బయటికి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఏడాది మంచు తొందరగా కరుగుతున్నట్టుంది, ఓయ్వా."

"మంచు సంగతి తర్వాత," అన్నాడు తాతయ్య. "నేను చెప్పింది విన్నావా?"

"విన్నాను."

"ఆఁ. మళ్లీ చెప్తాను, విను."